సంతకమే కదా అనుకున్నారు!

పూజగది తూర్పు మూలకు వస్తుంది. కుట్టుమిషను కిటికీ పక్కన. పదో తరగతికి వస్తున్న అమ్మాయి పుస్తకాలకు చిన్న బెడ్‌రూమ్‌లో గోడబీరువా. విజయవాడ పటమటలో పదిహేడేళ్లుగా అద్దె ఇళ్లు మారుతూ వచ్చిన ఆ ఇల్లాలు, పోరంకిలో చూసొచ్చిన మూడో అంతస్తు ఫ్లాటులో సామాన్లన్నీ మనసులోనే సర్దేసుకుంది. గుమ్మానికి ఏ రంగు కర్టెన్ వెయ్యాలో తల్లీకూతుళ్ల మధ్య చిన్న తగాదా కూడా అయింది. ధర 42 లక్షలు. పది లక్షలు చేతిలో ఉన్నాయి. మిగతా 32 లక్షలు బ్యాంకు ఇవ్వాలి. 2023 ఏప్రిల్‌లో రెండు లక్షలు బయానా ఇచ్చి, తొంభై రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు.

పదిహేనో రోజున ఫోనొచ్చింది.

‘‘సార్, మీ ఫైలు రిజెక్టయింది.’’

ఆయన ఓ ఆటోమొబైల్ షోరూమ్‌లో సీనియర్ అకౌంటెంటు. పగలంతా ఇతరుల లెక్కలు సరిచూసే మనిషి. ‘‘ఎందుకని?’’ అనడిగితే, లోన్లు ఇప్పించే ఆ ఏజెంటు కుర్రాడు, ‘‘ఏమో సార్, సిస్టమ్ తీసుకోలేదంట. సిబిల్ తేలలేదంటున్నారు. మీరేం కంగారుపడకండి, ఇంకో బ్యాంకులో పెడదాం’’ అన్నాడు. పెట్టారు. అక్కడా కాలేదు. మూడోచోట పెట్టారు. నెల తిరక్కుండా మూడుసార్లు కాదనిపించుకున్నారు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంటి ఓనరుకు ‘జూన్‌లో ఖాళీ చేస్తాం’ అని అప్పటికే చెప్పేసి ఉన్నారు. ఆయన గేటు దగ్గర ఎదురుపడి, ‘‘ఎప్పుడండీ గృహప్రవేశం?’’ అని ఆప్యాయంగా అడిగినప్పుడల్లా, ‘‘ముహూర్తాలు చూస్తున్నామండీ’’ అని తప్పుకునేవారు. మధ్యతరగతి ఇంట్లో లోను రాలేదన్న మాట పరీక్ష తప్పిన పిల్లాడి మార్కుల కాగితంలాంటిది. బీరువాలో బట్టల కింద దాస్తారు.

నిజానికి ఎందుకు కాదన్నారో అడిగే హక్కు వాళ్లకుంది. ఏ రకం రుణమైనా సరే, దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్యమైన కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. కానీ కౌంటరు ముందు నిలబడి ‘కాగితం మీద రాసివ్వండి’ అని అడగడానికి ఎంతమందికి నోరొస్తుంది? ఆయనకూ రాలేదు. అడిగింది ఆవిడే. మూడో బ్యాంకుకు భర్తతోపాటు వెళ్లి, ‘‘మేడమ్, మేం ఎవరికీ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. అసలేం తప్పు చేశామో చెప్పండి, దిద్దుకుంటాం’’ అంది. మేనేజరు కూడా ఆడమనిషే. చేతిలో పని పక్కనపెట్టి రిపోర్టు తెరిచి, తెర వాళ్లవైపు తిప్పింది.

స్కోరు 638.

‘‘మీ సొంత అప్పుల్లో తేడా ఏమీ లేదు. బైకు లోను సక్రమంగా కడుతున్నారు. కానీ ఇదిగో... ఇక్కడ మీరు గ్యారంటీ ఉన్న అప్పొకటి కనిపిస్తోంది. 2021 చివర్నుంచి వాయిదాలు పడట్లేదు.’’

ఆయనకు ఓ క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక భార్యవైపు చూడలేకపోయాడు. ఆ అప్పు ఆమె అక్క భర్తది. తన తోడల్లుడిది.

పండగ పూట పెట్టిన సంతకం

2018 సంక్రాంతి. గుడివాడలో వదినగారింట్లో భోజనాలయ్యాయి. అరిసెలు, గారెలు, నాటుకోడి కూర తిని మగవాళ్లు వరండాలో నడుం వాల్చారు. అప్పుడొచ్చాడు ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు. తోడల్లుడిది షామియానా సప్లయి వ్యాపారం. పెళ్లిళ్లకు, పేరంటాలకు పందిళ్లు, కుర్చీలు, వంటపాత్రలు, జనరేటరు అద్దెకిస్తాడు. కొత్తగా ఐదొందల కుర్చీలు, లైటింగు సామగ్రి కొనడానికి మూడు లక్షల అప్పు తీసుకుంటున్నాడు. ఐదేళ్ల వాయిదాలు. ‘‘జీతగాళ్లెవరైనా హామీ ఉంటే వెంటనే అయిపోద్దండి’’ అన్నాడు ఆ కుర్రాడు.

‘‘తమ్ముడున్నాడుగా!’’ అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు లేచి కూర్చున్నాడు. ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇక్కడ... ఏడెనిమిది సంతకాలు పెట్టాడు. ఆధార్, పాన్ జిరాక్సులు తర్వాత ఫోన్లో పంపించాడు. కాగితంలో ఏముందో చదవలేదు. చదివితే అవతలి మనిషిని అనుమానించినట్టు ఉండదూ? పైగా ఆ ఇంట్లో, ఆ మనిషిని!

ఆ మనిషి అంటే ఎవరో చెప్పాలి. ఆమె ఇంటర్ చదువుతుండగా తండ్రి పోయాడు. అక్కకు అప్పటికే పెళ్లయింది. డిగ్రీ మూడేళ్లూ, ఆ తర్వాత బీఈడీకీ ఫీజులు కట్టింది బావే. పెళ్లిలో తండ్రి స్థానంలో పీటల మీద కూర్చుని కన్యాదానం చేసిందీ అక్కాబావలే. పందిరికి డబ్బు తీసుకోలేదు, సరికదా ఊరంతా చెప్పుకునేలా వేశాడు. ఇవాళ ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేస్తోందంటే అది ఆయన చలవ. అలాంటివాడు ‘తమ్ముడున్నాడుగా’ అంటే కాగితం చదువుతారా ఎవరైనా?

రెండేళ్లు వాయిదాలు తప్పకుండా కట్టాడు బావ. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్ల సీజన్ మొత్తం కొట్టుకుపోయింది. పాతికమందితో పెళ్లి చేసుకునేవాళ్లకు షామియానా ఎందుకు? కుర్చీలు దొంతర్లుగా షెడ్డులో ఉండిపోయాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు మారటోరియం అన్నారు. మారటోరియం అంటే మాఫీ కాదు, వాయిదాను వెనక్కి జరపడమేనని, ఆ ఆరు నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంటుందని చాలామందికి తర్వాతగానీ తెలియలేదు. బావకూ అంతే. ఆ తర్వాత ఏడాదిపాటు పడుతూ లేస్తూ కట్టి, రెండో వేవ్ దెబ్బకు ఇక లేవలేక 2021 చివర్లో ఆపేశాడు. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి, మనుషులొచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు. వదిలేశారనుకున్నాడు.

ఎవరూ వదిలెయ్యలేదు. లెక్క మాత్రం నడుస్తూనే ఉంది. అసలు రుణగ్రహీతకు ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే బాధ్యత అని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. ఇప్పుడు దానికి తోడు సిబిల్‌లాంటి సంస్థలొచ్చాయి. సిబిల్ మన దేశంలో 2000లో మొదలైంది. ఇలాంటి సంస్థలకోసం 2005లో ప్రత్యేకంగా చట్టమూ వచ్చింది. ఇప్పుడవి నాలుగున్నాయి. మనం తీసుకున్న ప్రతి అప్పూ, కార్డూ, హామీ ఉన్న అప్పూ వాటి దగ్గర నమోదవుతాయి. ఆ చరిత్రకే 300 నుంచి 900 మధ్య మార్కులు. మరీ విచిత్రమేమిటంటే, ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పడంతో 2017 నుంచి అది ఎవరైనా తెప్పించుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. బ్యాంకుల వెంట పరుగెత్తి వరసగా దరఖాస్తులు పెడితేనే ‘వీళ్లకేదో అవసరం ముంచుకొచ్చింది’ అన్నట్టు కనిపిస్తుంది. వీళ్లు చేసింది సరిగ్గా అదే. చూసుకోవాల్సింది చూసుకోలేదు, తొక్కకూడని గడపలు తొక్కారు.

ఆ రాత్రి

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. ఆయన పాత డైరీలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె వంటింట్లో ఉదయానికి ఇడ్లీ పిండి రుబ్బుతూ, అయిపోయాక కూడా గ్రైండరు కట్టెయ్యకుండా అలాగే నిలబడిపోయింది.

‘‘మీరు సంతకం పెడుతుంటే నేను చూశాను. వద్దనలేదు’’ అంది చివరికి.

‘‘నువ్వు వద్దన్నా పెట్టేవాణ్నే’’ అన్నాడాయన.

అక్కను అడగాలి. ఏమని? ‘మా ఆయన పేరు పాడయింది, మీ అప్పు కట్టెయ్యండి’ అనా? తన చదువుకు ఎంతయిందో ఒక్కనాడూ లెక్క చెప్పని ఇంటికి వెళ్లి లెక్క అడగడం! నాలుగు రోజులు ఫోను తీసి, పెట్టేసింది. ఇంకోవైపు అగ్రిమెంటు గడువు కరిగిపోతోంది. అయిదో రోజు ఆదివారం. ఇద్దరూ గుడివాడ బస్సెక్కారు. ఆ బస్సు పోరంకి మీదుగానే వెళ్తుంది. ఫ్లాటున్న వీధి మలుపు వచ్చినప్పుడు ఆమె కావాలనే రెండోవైపు చూసింది.

అక్క పప్పుచారు పెట్టింది, దొండకాయ వేయించింది. భోజనాలయ్యేదాకా ఎవరూ అసలు విషయం ఎత్తలేదు. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకుని, ‘‘ఎండలు మండిపోతున్నాయన్నయ్యా’’ అని ఊరుకున్నాడు. చివరికి పెరట్లో చేతులు కడుక్కుంటూ ఆమే చెప్పింది అక్కకు. మెల్లగానే చెప్పింది. కానీ వరండాలో ఉన్న బావకు వినపడింది.

‘‘అదేంటమ్మాయ్! అప్పు నాది. కట్టనిది నేను. మధ్యలో తమ్ముడికేంటి సంబంధం?’’

ఆయన నటించడం లేదు. నిజంగానే తెలియదు. అకౌంటెంటు తోడల్లుడు ఫోన్లో రిపోర్టు తెరిచి చూపించాడు. ఒక్కో నెలకూ ఒక్కో గడి. గడిలో ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె. మొదట సున్నాలు, తర్వాత ముప్ఫై, అరవై, తొంభై... బావ కళ్లజోడు పెట్టుకుని ఆ గడులన్నీ చదివాడు. చదివి, షెడ్డులోకి వెళ్లి, దొంతరగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీల్లోంచి ఒకటి లాగి అక్కడే కూర్చుండిపోయాడు.

ఎగ్గొట్టడం వేరు, చేతగాకపోవడం వేరు. రిపోర్టులో ఆ రెంటికీ ఒకటే గడి.

సగానికి సగం మాఫీ వద్దన్నారు

వారం తర్వాత ముగ్గురూ కలిసి ఫైనాన్స్ ఆఫీసుకెళ్లారు. అసలు, వడ్డీ, ఆలస్య రుసుములు... మొత్తం 1.78 లక్షలు తేలింది. బావ మొహం వాడిపోయింది. అప్పుడు ఆఫీసరు చెప్పాడు. ‘‘ఒకేసారి కడితే లక్షకు సెటిల్ చేసుకోవచ్చు. 78 వేలు వదిలేస్తాం.’’

బావ ప్రాణం లేచొచ్చింది. జనరేటరు అమ్మితే, కొన్ని కుర్చీలు కూడా తీసేస్తే 70 వేలు వస్తాయి. మిగతాది చీటీ డబ్బు. ఇంతటితో పీడ విరగడవుతుంది. ‘‘రాసుకోండి’’ అన్నాడు.

‘‘ఒక్క నిమిషం అన్నయ్యా’’ అన్నాడు చిన్నల్లుడు.

ఆయన అప్పటికి రిపోర్టుల గురించి చదవాల్సింది చదివేశాడు. తగ్గించి కడితే ఆ అప్పు రికార్డుల్లో ‘క్లోజ్డ్’ అని పడదు, ‘సెటిల్డ్’ అని పడుతుంది. మామూలు భాషలో సెటిలైపోయిందంటే పూర్తయిపోయిందని అర్థం. బ్యాంకుల భాషలో మాత్రం ‘పూర్తిగా కట్టలేదు, మేమే కొంత వదులుకున్నాం’ అని. గృహరుణం ఇచ్చే బ్యాంకు ఆ మాట చూస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఆ రోజు ఆఫీసు బయట వేపచెట్టు కింద తోడల్లుళ్లిద్దరి మధ్యా జరిగిన వాదన వాళ్ల సంబంధంలో అదే మొదటిది.

‘‘78 వేలు వాళ్లే వదిలేస్తామంటుంటే మనం ఎదురు కట్టడమేంటి తమ్ముడూ? వాళ్లకు దానమా?’’

‘‘వాళ్లకు కాదన్నయ్యా. నా పేరుకు.’’

‘‘అయితే ఇప్పుడు నా వల్ల నీ పేరు పోయిందంటావు.’’

‘‘నేనలా అన్లేదు...’’

అనకపోయినా మాట అక్కడే ఉండిపోయింది. లోను తీసుకున్న మనిషివైపు నుంచి చూస్తే ఆయనదీ న్యాయమే. చేతిలో లేని డబ్బు అది. దొరికిన ఆసరాను తోడల్లుడి ఇంటికోసం వదులుకోమంటే ఎలా ఉంటుంది? పైగా ఈయన ‘ఆ 78 వేలు నేను కడతాను’ అనేసరికి ఆయనకింకా చిన్నతనమైంది. ‘‘ఇన్నేళ్లకు మన మధ్య లెక్కలొచ్చాయన్నమాట’’ అని బస్సెక్కి వెళ్లిపోయాడు.

పది రోజులు ఫోన్లు లేవు. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకున్నా పిల్లల చదువుల దగ్గరే ఆగిపోయేవారు. ఈలోగా తొంభై రోజుల గడువూ ముగిసింది. ఫ్లాటు యజమాని మరీ కఠినుడేం కాదు. 50 వేలు మినహాయించుకుని లక్షన్నర తిరిగిచ్చాడు. మరుసటి నెలలోనే ఆ ఫ్లాటు ఎవరో కొనుక్కున్నారు. అమ్మాయి మాత్రం ఒకే ఒక్కసారి అడిగింది, ‘‘అయితే ఆ గోడబీరువా రూమ్ లేనట్టేనా?’’ అని.

ముడి విప్పింది అక్క. ఓ రోజు పొద్దున్నే ఒక్కతే బస్సెక్కి పటమట వచ్చింది. చీరకొంగున మూటకట్టి కాదు, చేసంచిలో లక్ష రూపాయలు తెచ్చింది. దాంతోపాటు ఓ నోటుపుస్తకం.

‘‘మరిది గారూ, ఇది లక్ష. జనరేటరు పోయింది, చీటీ పాడేశాం. మిగతా 78 వేలు మీరు కట్టండి. మొత్తం తీర్చేసి కాగితం తీసుకోండి. కానీ అది మా అప్పు. నెలకు మూడు వేలు. పదో తారీకున ఇస్తాను. ఇదిగో, రాసుకొచ్చా’’ అంది. పుస్తకంలో ఇరవయ్యారు గీతలు గీసి ఉన్నాయి.

‘‘ఎందుకక్కా ఇవన్నీ? నా చదువుకు బావ కట్టింది ఎవరు రాసుకున్నారు?’’ అని చెల్లెలు ఏడ్చేసింది.

‘‘అది వేరు. అది ఇచ్చింది. ఇది బాకీ’’ అంది అక్క. కాఫీ తాగి, పన్నెండింటి బస్సుకు వెళ్లిపోయింది.

2023 ఆగస్టులో అప్పు పూర్తిగా తీరింది. ‘బకాయి ఏమీ లేదు’ అన్న పత్రం తీసుకున్నారు. ఆయన దాన్ని నాలుగు కాపీలు తీయించి నాలుగుచోట్ల దాచాడు.

మళ్లీ మొదటి నుంచి

డబ్బు కట్టేసిన మర్నాడే స్కోరు పెరిగిపోతుందనుకుంటే పొరపాటు. అప్పట్లో రుణసంస్థలు వివరాలను నెలకోసారి పంపేవి. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలన్న నిబంధన వచ్చింది. వీళ్ల కేసులో రెండు నెలలైనా రిపోర్టులో పాత బాకీయే కనిపించింది. పత్రం జతచేసి ఫిర్యాదు పెడితేగానీ ‘క్లోజ్డ్’ అన్న మాట పడలేదు. ఇలాంటి ఫిర్యాదును ముప్ఫై రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. వీళ్లకది అందే కాలం కాదు. అప్పు తీరినా పాత గడుల్లోని తొంభైలు మూడేళ్లదాకా కనిపిస్తూనే ఉంటాయి. కాకపోతే వాటి పక్కన కొత్తగా చేరే నెలలు వాటి బలాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తాయి.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. స్కోరు బాగున్నా ఆ మొదటి దరఖాస్తుకు 32 లక్షలు వచ్చేవి కావు! వడ్డీ తొమ్మిది శాతం అనుకుంటే, ఇరవయ్యేళ్ల కాలానికి లక్షకు నెలకు దాదాపు 900 రూపాయల వాయిదా. 32 లక్షలకు 28,800. ఆయన చేతికొచ్చే జీతం 46 వేలు. అందులో సగానికి మించి వాయిదాలకు పోకూడదని చాలా బ్యాంకులు చూస్తాయి. అంటే 23 వేలు. బైకు వాయిదా 3,200 తీసేస్తే మిగిలేది 19,800. దానికి 22 లక్షలే వస్తాయి. రోజూ బ్యాలెన్స్ షీట్లు తయారుచేసే మనిషి సొంత ఇంటి విషయంలో ఈ లెక్క వెయ్యలేదు. ఏజెంటు కుర్రాడు ‘అయిపోద్ది సార్’ అంటే నమ్మేశాడు.

మరి ఆమె జీతం? నెలకు 18 వేలు. కానీ అది కవర్లో పెట్టి చేతికిస్తారు. వోచరు మీద సంతకం. బ్యాంకు దృష్టిలో ఆమెకు జీతమే లేదు. పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరు కాగితాల్లో గృహిణి. ఆ జూన్‌లో స్కూలు తెరవగానే ఆమె కరస్పాండెంటు గదికి వెళ్లింది. జీతం ఖాతాలో వెయ్యమంది. ‘‘మీ ఒక్కరికీ వేస్తే అందరూ అడుగుతారమ్మా’’ అన్నాడాయన. ‘‘అడగనివ్వండి సార్. అందరివీ ఇళ్లే కదా’’ అంది. స్టాఫ్‌రూమ్‌లో మరో నలుగురు టీచర్లు ఆమెకు తోడయ్యారు. రెండు నెలల నాన్చుడు తర్వాత ఆగస్టు నుంచి ఖాతాలో పడటం మొదలైంది. పన్ను కట్టేంత ఆదాయం కాకపోయినా రిటర్ను కూడా వేసింది. బైకు లోను మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టేశారు.

ఈసారి ఇల్లు చూసే తీరూ మారింది. ఇదివరకు గుమ్మంలో అడుగుపెట్టగానే వంటగది ఎంతుందో చూసేది. ఇప్పుడు బయటే నిలబడి, ‘‘ప్లాను కాపీ ఉందాండీ? లింకు డాక్యుమెంట్లు ఎన్నేళ్లవి ఉన్నాయి? ఈసీ తీయించారా?’’ అని అడుగుతోంది. ఓ బ్రోకరు అయితే ‘‘మీరు లాయరాండీ?’’ అన్నాడు. కానూరులో ఓ ఫ్లాటు బాగా నచ్చింది. తీరా చూస్తే ప్లానులో లేని అంతస్తది. బ్యాంకు లీగలు దగ్గర ఆగిపోతుందని అక్కడికక్కడే వదిలేసుకున్నారు. చివరికి పోరంకిలోనే, పాత ఫ్లాటుకు రెండు వీధుల అవతల, రెండో అంతస్తులో కాస్త చిన్నది దొరికింది. 40 లక్షలు. ఈసారి బయానా 25 వేలే ఇచ్చారు. ‘రుణం మంజూరు కాకపోతే ఈ మొత్తం తిరిగివ్వాలి’ అని అగ్రిమెంటులో రాయించారు. రిజిస్ట్రేషన్ ఖర్చులకు ఇంకో మూడు లక్షలదాకా పక్కన పెట్టుకున్నారు. మొదటిసారి ఆ ఖర్చును లెక్కలోనే వేసుకోలేదు మరి.

2024 ఫిబ్రవరి. స్కోరు 734. రిపోర్టు తెర తిప్పి చూపించిన ఆ మేనేజరు దగ్గరికే వెళ్లారు. ఈసారి ఏజెంటు లేడు. గతంలో దరఖాస్తు తిరస్కరణకు గురైందా అన్న ప్రశ్నకు ఏం రాయాలా అని రాత్రంతా తర్జనభర్జన పడి, అవుననే రాశారు. దానికి ఒక పేజీ ఉత్తరం జతచేశారు. రాసింది ఆమె. లెక్కల టీచరు కదా, సోదె లేకుండా రాసింది. ఎవరి అప్పు, ఎందుకు ఆగింది, ఎప్పుడు ఎంత కట్టి తీర్చారు, ఇప్పుడు ఇద్దరి జీతమూ కలిపి 64 వేలు, ఇదిగో ఆర్నెల్ల స్టేట్‌మెంటు. ‘ఆ అప్పును తగ్గించుకోకుండా మొత్తం కట్టాం’ అన్న వాక్యం కింద మాత్రం గీత గీసింది.

మేనేజరు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. ‘‘మీ బావగారు ఒప్పుకున్నారా మొత్తం కట్టడానికి?’’ అంది.

‘‘మా అక్క ఒప్పుకుంది మేడమ్.’’

ఆఫీసుకు ఫోన్లొచ్చాయి, ఇంటికి మనుషులొచ్చి చూసుకున్నారు, లాయరు రెండు పాత దస్తావేజులు అడిగాడు, ఇంజినీరు కొలతలు తీసుకున్నాడు. మూడు వారాలపాటు ఫోను మోగితే చాలు ఇంట్లో అందరూ ఉలిక్కిపడేవారు. 30 లక్షలు మంజూరయ్యాయి. వాయిదా దాదాపు 27 వేలు.

రుణ పత్రాల మీద సంతకాలు పెట్టే రోజు మరీ గమ్మత్తు. క్లర్కు అలవాటుగా ‘‘ఇక్కడ సార్, ఇక్కడ’’ అని వేలు పెడుతున్నాడు. ఆయన పెన్ను మూత తీయలేదు. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. లంచ్ టైమైంది. క్లర్కు వాచీ చూసుకున్నాడు. ఆమె భర్త చదివిన ప్రతి పేజీనీ అందుకుని తనూ చదివింది. మూడున్నరకు బయటికొచ్చారు.

మూఢం వెళ్లి శ్రావణం వచ్చాక గృహప్రవేశం. తెల్లవారుజామున మూడింటికి వ్యాను హారన్ వినపడి చూస్తే కింద బావ! ఇద్దరు కుర్రాళ్లతో పందిరి గుంజలు దించుతున్నాడు. తోడల్లుళ్లిద్దరూ అప్పటిదాకా సరిగా మాట్లాడుకున్నది లేదు. ‘‘సెల్లార్లో వెయ్యాలా, పైన టెర్రస్ మీదా తమ్ముడూ?’’ అన్నాడాయన. ‘‘మీ ఇష్టం అన్నయ్యా’’ అన్నాడీయన. జనరేటరు మాత్రం పక్క ఊరివాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకున్నాడు.

పాలు పొంగాయి. వ్రతమైంది. భోజనాల దగ్గర అక్క చెల్లెలికి చీర పెట్టి, కవరులో వెయ్యినూట పదహార్లు చదివించింది. తర్వాత చేసంచిలోంచి నోటుపుస్తకం, విడిగా మడిచిన ఆరు అయిదొందల నోట్లు తీసింది.

‘‘ఇవాళ కూడానా అక్కా?’’

‘‘పదో తారీకు కదే. పన్నెండోది. పెన్నుందా?’’

గోడబీరువా ముందు పుస్తకాలు సర్దుకుంటున్న అమ్మాయి పెన్ను తెచ్చి ఇచ్చింది.